క్షమాభిక్షకు హద్దులు

స్వాతంత్ర్యదినము, గణతంత్రదినము, గాంధీజయంతి వచ్చినప్పుడెల్ల మన పత్రికలలో నొక వార్త కనబడుచుండును. ఇన్ని జెయిళ్లనుండి యింతమంది ఖైదీలకు "క్షమాభిక్ష" లభించినదనియు, సత్ప్రవర్తన గలవారిని గడువునకు ముందే విడిచిపెట్టుచున్నారనియు ఆ వార్త చెప్పును. దాని యడుగున మఱియొక వాక్యముండును: ఫలానా ఫలానా నేరములు చేసినవారికిది వర్తింపదు. మొదటి వాక్యమును చదివి కొందఱు సంతోషింతురు, కొందఱు కోపింతురు. రెండవ వాక్యమును నిలిచి చదువువా రరుదు. మేమీ వ్యాసమున నా రెండవ వాక్యమును గూర్చియే విచారింపదలచితిమి. ఏ నేరములను మినహాయింపవలెను, ఆ మినహాయింపు ఎవరి మేలు కొఱకు, అది నిజముగా నెవరి చేతులను కట్టుచున్నది యను ప్రశ్నలు న్యాయవాదులవిగా గన్పట్టును. కాని విడుదలయైనవాడు తిరిగి వచ్చునది యొక యూరికే. నష్టపోయిన కుటుంబము నివసించునదియు నొక యూరనే, తఱచుగా నా యూరనే. కావున నిది గృహస్థుల ప్రశ్న గూడ.

మొదట నియమమును కొంత తెలిసికొనుట యవసరము. కోర్టు విధించిన శిక్షలో కొంత భాగమును తగ్గించు నధికారము ప్రభుత్వమునకు శాసనము వలన సంక్రమించినది. అది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 432వ సెక్షనుగా నుండెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 473వ సెక్షనుగా నున్నది. ఇదిగాక రాజ్యాంగపు 72వ అధికరణము రాష్ట్రపతికిని, 161వ అధికరణము గవర్నరునకును క్షమాధికారము నొసగుచున్నవి. యావజ్జీవశిక్ష యనగా పదునాలుగేండ్లని మన జనసామాన్యములో నొక నమ్మకము గలదు. అది సరికాదు. యావజ్జీవ మనగా జీవితాంతమే యని న్యాయస్థానములు పలుమారులు చెప్పినవి. పదునాలుగేండ్ల మాట వేఱొక చోట పుట్టినది. మరణశిక్ష విధింపదగిన నేరమునకు యావజ్జీవశిక్ష పొందినవాడును, మరణశిక్ష యావజ్జీవముగా మార్చబడినవాడును 14 సంవత్సరములు వాస్తవముగా జెయిలులో గడపనిదే విడుదల కాగూడదని 1978లో 433-ఎ యను సెక్షను చేర్చబడెను. ఇప్పుడది 475వ సెక్షను. పదునాలుగేండ్లతో శిక్ష ముగియదు. అంతకు లోపల తలుపు తట్టుటకే వీలు లేదని మాత్రమే దాని యర్థము. ఈ నిర్బంధము చెల్లునని 1980లో మారూరాము కేసునందు సుప్రీంకోర్టు తీర్మానించుచు, రాజ్యాంగదత్తమైన క్షమాధికారము నిది తగ్గింపజాలదని గూడ జెప్పినది.

ఈ శాసనముల నాధారము చేసికొని రాష్ట్రములు తమతమ విడుదల విధానముల నేర్పరచుకొని, వానికి మినహాయింపుల పట్టికలను జోడించుచుండును. కేంద్రప్రభుత్వము 2022లో స్వాతంత్ర్యపు 75వ సంవత్సరోత్సవ సందర్భమున రాష్ట్రములకు సూచించిన పథకమును ఉదాహరణముగా దీసికొందము. అందు శిక్షలో సగము పూర్తిచేసిన 50 యేండ్లు దాటిన స్త్రీలు, 60 యేండ్లు దాటిన పురుషులు, తీరని రోగముతో నున్నవారు, శిక్ష ముగిసినను జరిమానా కట్టలేక జెయిలులోనే పడియున్న పేదలు మొదలైనవారిని విడువవచ్చునని చెప్పబడెను. పిదప మినహాయింపులు: మరణశిక్ష పడినవారు, యావజ్జీవఖైదీలు, అత్యాచారము చేసినవారు, వరకట్నపు చావులకు కారకులైనవారు, మనుష్యుల నమ్ముకొనువారు, బాలలపై లైంగికనేరములు చేసినవారు, ఉగ్రవాదులు, మాదకద్రవ్యముల నేరస్థులు, దొంగనోట్లవారు, లంచగొండులు, నల్లధనమువారు.

ఈ పట్టికను నెమ్మదిగా చదివినచో నొక సంగతి తట్టును. చిన్నబిడ్డను చెఱచినవాడును, దొంగనోటు నచ్చువేసినవాడును ఒకే వరుసలో నిలిచిరి. ఒకడు మనిషిని గాయపఱచెను. ఒకడు సర్కారు ముద్రను గాయపఱచెను. పట్టికలు వ్రాయు ప్రతి యుగమును తనకేది విలువైనదో తెలియకుండనే చెప్పుకొనుచుండును. మన స్మృతికర్తలు మహాపాతకములు లెక్కించినపుడు బ్రహ్మహత్య, సురాపానము, బ్రాహ్మణుని బంగారము దొంగిలుట, గురుతల్పగమనము, అట్టివారితోడి సాంగత్యము అని యైదు చెప్పిరి. శూద్రుని చంపుట యందు లేదు. దాని ప్రాయశ్చిత్తమును మనువు బ్రహ్మహత్యా ప్రాయశ్చిత్తములో పదునాఱవ వంతుగా లెక్కగట్టెను. చచ్చినవాని జాతినిబట్టి పాపము తూకము మాఱిన యా ధర్మముకంటె, చేసిన పనినిబట్టి యేర్పడిన నేటి పట్టిక వేయిరెట్లు మేలు. ఈ మాట మొదటనే చెప్పి, పట్టికలోని దోషములను చూతము.

"క్షమాభిక్ష" యను మాటనే కొంచెము పరిశీలింపవలసియున్నది. క్షమకు భిక్షను జోడించిన యీ సమాసము మన పత్రికలలో నెంత నాటుకొన్నదనగా, శాసనబద్ధమైన శిక్షాతగ్గింపునకును, గవర్నరు దయకును భేదము లేక రెంటికి నదే వాడుచున్నారు. భిక్ష యనినపుడు ఇచ్చువాడు దాత, పుచ్చుకొనువాడు యాచకుడు. ఎవరికి వేయవలెనో దాత యిష్టము. ఈ భావము మనకు చాల పురాతనమైనది. రాజుగారి జన్మనక్షత్రమునాడును, పూర్ణిమలయందును బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను చెఱనుండి విడువవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పెను. క్రొత్త దేశమును జయించినపుడు, యువరాజునకు పట్టము గట్టినపుడు, రాజునకు కొడుకు పుట్టినపుడు విడుదల చేయుటయు నందే కలదు. అశోకుడు పట్టాభిషేకమైన యిరువదియాఱేండ్లలో ఇరువదియైదుమారులు బందీలను విడిపించితినని స్తంభశాసనమున వ్రాయించుకొనెను. అయితే అతనిలో మఱియొక పోకడయు గలదు. మన కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై నున్న పదునాలుగు శాసనములలో ఐదవదానియందు, చెఱలోనున్నవానికి బిడ్డలున్నారా, వాడు ముసలివాడా యని ధర్మమహామాత్రులు విచారించి విడుదలకు పాటుపడుదురని యున్నది. ఒకచోట పండుగ, ఒకచోట విచారణ. రాజు సంతోషము వేఱు, ఖైదీ స్థితి వేఱు. ఇరువదిమూడు శతాబ్దములు గడచినను మనమింకను ఈ రెంటి నడుమనే యూగుచున్నాము.

మారూరాము కేసునందు న్యాయమూర్తి కృష్ణయ్యరు ఈ పండుగ పద్ధతినే యెత్తిపొడిచెను. ఒక ముఖ్యమంత్రి తన పుట్టినరోజని గాని, తనకు కొడుకు పుట్టెనని గాని రాష్ట్రమందలి ఖైదీలనందఱను విడిచిపెట్టినచో నది రాజ్యాంగమున కవమానమని యాయన భావము. మా యభిప్రాయమున మినహాయింపుల పట్టిక యొక్క నిజమైన పని యిచ్చటనే యున్నది. అది ఖైదీ యాత్మపై తీర్పు గాదు; ఫలానా నేరము చేసినవాడెన్నటికి మాఱడని యది చెప్పుట లేదు, చెప్పజాలదు. తలుపు తీయు చేతిని మనము పూర్తిగా నమ్మజాలమని యది చెప్పుచున్నది. బలవంతుని బంధువులు, ధనవంతుని స్నేహితులు, వోట్లు తెచ్చిపెట్టు నాయకుని యనుచరులు ఆ చేతిని పట్టుకొని లాగుదురు గనుక, దానికి ముందుగానే యొక కట్టు వేయబడినది. ఈ దృష్టితో చూచినపుడే పట్టిక యెప్పుడు ధర్మమో, యెప్పు డధర్మమో తెలియును.

బీహారులో జరిగినదానిని చూడుడు. మహబూబ్‌నగరు జిల్లాలో నొక పేద దళిత కుటుంబమున పుట్టి, స్వయంకృషిచే ఐ.ఏ.ఎస్. ఉద్యోగియై, గోపాల్‌గంజ్ జిల్లా మేజిస్ట్రేటుగా నున్న జి. కృష్ణయ్యగారిని 1994 డిసెంబరు 5వ తేదీని ముజఫర్‌పూరు సమీపమున నొక గుంపు కారులోనుండి లాగి చంపెను. ఒక రౌడీ శవయాత్ర యది. ఆయన ఆ దారిని తన జిల్లాకు తిరిగి వెళ్లుచుండెను. ఆ గుంపును రెచ్చగొట్టినాడని ఆనంద్ మోహన్ అను రాజకీయనాయకునకు 2007లో క్రింది కోర్టు మరణశిక్ష విధించెను. పాట్నా హైకోర్టు దానిని యావజ్జీవముగా మార్చెను. సుప్రీంకోర్టు 2012లో దానిని స్థిరపఱచెను. బీహారు జెయిలు మాన్యుయలులో విడుదలకు మినహాయింపబడిన నేరములలో "విధినిర్వహణలోనున్న ప్రభుత్వోద్యోగి హత్య" యను పదములుండెను. 2023 ఏప్రిల్ 10వ తేదీని ప్రభుత్వ మా పదములను కొట్టివేసెను. అదే నెల 27వ తేదీని, విడుదలకు నిర్ణయింపబడిన యిరువదియేడుగురిలో నొక్కడుగా, ఆనంద్ మోహన్ బయటికి వచ్చెను. కృష్ణయ్యగారి భార్య హైదరాబాదునుండి సుప్రీంకోర్టు నాశ్రయించిరి.

బీహారు ప్రభుత్వము చెప్పిన సమాధానమును మేము తేలికగా త్రోసివేయము. సామాన్యుని ప్రాణమునకును, ఉద్యోగి ప్రాణమునకును భేదమేల యని వారడిగిరి. మంచి ప్రశ్న. మనువు లెక్కను నిరసించిన మేము కలెక్టరు ప్రాణమును కూలివాని ప్రాణముకంటె నెక్కువ ఖరీదు కట్టుమని యెట్లు చెప్పగలము? జిల్లాధికారిని చంపుట మొత్తము ప్రజలకు రక్షణ నిచ్చు వ్యవస్థను కొట్టుట యనియు, అందువలన నది ప్రత్యేకముగా నెంచదగినదనియు వాదింపవచ్చును. దానికిని బలము గలదు. ఈ వాదప్రతివాదములు శాసనసభలో, పత్రికలలో, తీరికగా జరుగవలసినవి. కాని తలుపు వెలుపల నొక ప్రముఖుడు నిలిచియుండగా, ఆతనికడ్డమైన నాలుగు పదములను మాత్రమే కొట్టివేసి, దానికి సమానత్వమని పేరు పెట్టుట వేఱు. అదే సవరణ తలుపుకడ నెవడును వేచియుండని యేట జరిగియున్నచో మేము దానిని మెచ్చుకొనియుందుమేమో. చేతికి కట్టిన కట్టును ఆ చేయియే విప్పుకొన్నది; ఇది యిందలి దోషము. కృష్ణయ్యగారు కూలివాని ప్రాణమునకు విలువలేని కుటుంబములనుండియే పైకి వచ్చిరన్న సంగతి యీ సమానత్వపు వాదమును వినువారి చెవికి మఱింత కటువుగా తోచును.

మన రాష్ట్రమును మాత్ర మేమి తక్కువ చేసినది? ఒక హత్యకేసులో పదియేండ్ల శిక్ష పడిన నాయకునికి మిగిలిన శిక్షను 2005లో ఆంధ్రప్రదేశ్ గవర్నరు తగ్గించెను. మృతుని కుమారుడు సుప్రీంకోర్టునకు వెళ్లెను. ఆ నాయకుడు మంచి కాంగ్రెసు కార్యకర్తయని అధికారుల నివేదికలోనే వ్రాయబడియుండెను! 2006 అక్టోబరులో కోర్టు ఆ యుత్తరువును రద్దుచేసి, గవర్నరు క్షమాధికారమైనను న్యాయపరీక్షకు లోబడినదేయనియు, కులము, మతము, రాజకీయభక్తి దానికి కారణములు కాజాలవనియు తీర్పు చెప్పెను. ఈపూరు సుధాకరు కేసని దీనికి పేరు. ఇచ్చట గమనింపవలసినది, ఆ యధికారి యా వాక్యమును దాచిపెట్టవలెననియైన అనుకొనలేదు. భిక్ష యన్న భావము వేళ్లూనిన చోట అది సహజమైన యర్హతగనే తోచియుండును.

పట్టిక యుండుటయే చాలునా యన్నచో, చాలదు. ఏ సంవత్సరపు పట్టిక యన్న చిక్కు వేఱుగా గలదు. శిక్షపడిన నాడు అమలులోనున్న విధానమే ఖైదీకి వర్తింపవలెననియు, తరువాతది యింకను దయగలదైనచో దాని లాభమును గూడ ఈయవచ్చుననియు 2010లో హర్యానా కేసొకదానిలో సుప్రీంకోర్టు చెప్పినది. ఇది న్యాయమే, ఆటనడుమ నియమము మార్చి ఓడినవానిని మఱల నోడించుట తగదు. కాని యీ న్యాయమే గుజరాతులో నేమైనదో చూడుడు. 2002 నాటి యల్లరులలో నొక గర్భిణిపై సామూహికముగా నత్యాచారము చేసి, ఆమె మూడేండ్ల కూతుతో సహా కుటుంబమువారిని చంపిన పదునొకండుగురకు 2008లో ముంబయి ప్రత్యేక న్యాయస్థానము యావజ్జీవశిక్ష విధించెను. గుజరాతు ప్రభుత్వము 2014లో చేసికొన్న విధానములో నిట్టి నేరములు మినహాయింపబడినవి. 1992 నాటి దానిలో నా మినహాయింపు లేదు. 1992 విధానము ననుసరించి వారిని 2022 ఆగస్టు 15వ తేదీని గోధ్రా జెయిలునుండి విడిచిపెట్టిరి. అత్యాచారమును మినహాయించిన కేంద్రపథకము మొదలైనదియు నా దినమే! ముంబయి న్యాయస్థానము వలదని చెప్పిన యభిప్రాయము లెక్కకు రాలేదు. 2024 జనవరి 8వ తేదీని సుప్రీంకోర్టు, విచారణ జరిగినది మహారాష్ట్రలో గనుక గుజరాతునకీ యధికారమే లేదని చెప్పి విడుదలను రద్దుచేసెను. రెండు వారములలో లొంగిపొమ్మని యాజ్ఞాపించెను. తీర్పు అధికారపరిధిపై నాధారపడినది. ఒకవేళ విచారణ గుజరాతులోనే జరిగియుండినచో నేమయ్యెడిదో యన్న శంక పాఠకునకు కలుగక మానదు.

ఇంతవఱకు విన్నవారు, అట్లయిన పట్టికను మఱింత పొడిగించి, ఏ ప్రభుత్వమును కదపలేనట్లు బిగింపుడని యనవచ్చును. ఆగుడు, కేరళనుండి వచ్చిన యొక కేసున్నది. ఒక స్త్రీని హత్యచేసి దోచుకొన్నాడని శిక్షపడినవా డొకడు యిరువదియాఱేండ్లకు పైగా జెయిలులో నుండెను. సంపాదించుకొన్న తగ్గింపులను చేర్చినచో ముప్పదియైదేండ్లు. అతడు విడుదలకు తగినవాడని సలహాసంఘము ఒకటికి మించిన మారులు చెప్పినను ప్రభుత్వము త్రోసివేసెను. తరువాత స్త్రీహత్య చేసినవారు విడుదలకు తగరని నియమము గూడ వచ్చినది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అతనిని విడువుమని యాజ్ఞాపించుచు, నేరము పేరునే చూచి మనిషిని చూడక తలుపు మూయుట సంస్కరణాదర్శమునకు విరుద్ధమని యభిప్రాయపడెను. మేమీ తీర్పును గుజరాతు తీర్పు ప్రక్కన నుంచి చదువుచున్నాము. స్త్రీలను చంపినవారే యిరుచోట్లను. ఒకచోట పట్టికను తప్పించుకొని బలము విడుదల పొందెను; ఇంకొకచోట బలములేనివాడు పట్టిక క్రింద నణగిపోయెను. చేతిని కట్టుటకు నేసిన త్రాడు, ఆ చేయి లంచమునకు చాపబడనిచోట, ఖైదీ మెడకు చుట్టుకొనును.

"అలవాటుపడిన నేరస్థుడు" అను మాటను గూర్చి యొకటి చెప్పక తప్పదు. కొన్ని రాష్ట్రముల నియమములలో నిట్టివారికి విడుదల లేదు, లేదా కష్టము. వినుటకు సబబుగానే యున్నది. కాని యీ మాట చరిత్ర మలినమైనది. 1871లో తెల్లదొరలు కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులని శాసించిరి. మన దేశమున ఎఱుకలవారిని స్టూవర్టుపురము వంటి చోట్ల చేర్చి, పేర్లు పిలిచి హాజరు వేసిరి. ఆ శాసనము 1952లో రద్దయ్యెను గాని, దాని నీడ జెయిలు మాన్యుయలులలో నిలిచిపోయెను. 2024 అక్టోబరు 3వ తేదీ తీర్పున సుప్రీంకోర్టు మాన్యుయలులలోని కులభేదములను కొట్టివేయుచు, ఈ మాటను విముక్తజాతులపై నంటగట్టుటను గూడ నిషేధించినది. పోలీసువారు ప్రతి దొంగతనమునకు నొకే గుడిసెను సోదాచేయుచుండగా, ఆ గుడిసెవానికి "అలవాటు" ఏర్పడుటలో నాశ్చర్యమేమి?

కొందఱు న్యాయమూర్తులు మఱియొక మార్గమును కనుగొనిరి. ఉరి వేయదగినంత కాదు, పదునాలుగేండ్లు చాలవు అన్న కేసులలో, ఇరువదియేండ్లో, ముప్పదియేండ్లో, జీవితాంతమో తగ్గింపు లేక యుండవలెనని తీర్పులోనే చెప్పుట. 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో మొదలైన యీ పద్ధతిని 2015లో రాజ్యాంగ ధర్మాసనము హైకోర్టులకును, సుప్రీంకోర్టునకును చెల్లునని యొప్పుకొనెను. పేరుపట్టికకంటె నిది మాకు మెఱుగుగా తోచును: బహిరంగముగా, ఇరుపక్షములను విని, కారణములు వ్రాసి, ఆ యొక్క మనిషినిగూర్చి చెప్పిన మాట యిది. అయినను ఇరువదియైదేండ్ల యువకుని చూచి, యాతడు అఱువదియేండ్ల వృద్ధుడైనపు డెట్లుండునో నేడే నిర్ణయించు జ్ఞానము ఏ న్యాయమూర్తికి గలదు? తరగతిలో మందుడన్న బాలుడు పది సంవత్సరములకు మఱొకడై వచ్చుటను ఉపాధ్యాయులందఱు నెఱుగుదురు. అందుచే కాలపరిమితి గల నిషేధమును మేమంగీకరింతుము. జీవితాంతపు నిషేధమును గూర్చి మాకు సందేహము తీరలేదు. బిడ్డలపై ఘోరములు చేసినవారి విషయమున నీ సందేహము మాకే బరువుగా నుండును. అయినను దాచుకొనము.

ఇక మా యభిప్రాయమును ముక్కుసూటిగా చెప్పుదుము. పట్టిక యుండవలెను, అది చిన్నదిగా, మనుష్యశరీరమునకు జరిగిన ఘోరములకే పరిమితమై యుండవలెను, దొంగనోట్లకును, నల్లధనమునకును అందు చోటక్కఱలేదు, వానికి జరిమానాయు, జప్తును గలవు. పట్టికలో నుండుట యనగా ఆలస్యముగా విచారింపబడుట కావలెను గాని యెన్నటికిని విచారింపబడకుండుట కాగూడదు. పట్టిక మార్పు దానిని మార్చు ప్రభుత్వపు కాలములో నెవనికిని లాభింపరాదు. తరువాతి ప్రభుత్వమునాడే యమలు కావలెను. ఇది వినుటకు వింతగా నుండవచ్చును, కాని శాసనసభ్యులు తమ జీతములు తాము పెంచుకొనుటను గూర్చి మనము గొణుగుకొనుచుండుట లేదా? ఇక నియమితకాలము గడచిన ఖైదీ యర్జీ పెట్టుకొనకున్నను ప్రభుత్వమే వాని సంగతి విచారింపవలెనని 2025 ఫిబ్రవరి 18వ తేదీని సుప్రీంకోర్టు చెప్పినది; చదువురాక, వకీలు లేక యర్జీ పెట్టుకొనలేనివారికిది గొప్ప మేలు. భిక్ష యన్న మాట యిచ్చటితో చెల్లదు.

ఒక్క సంగతి మిగిలినది. విడుదలను విచారించునపుడు శిక్ష విధించిన న్యాయాధిపతి యభిప్రాయము కోరవచ్చునని సంహితలోని 473వ సెక్షను చెప్పుచున్నది. బాధితకుటుంబము పేరే యందు లేదు. గుజరాతు స్త్రీ తన్నెవరును అడుగలేదని, తన క్షేమమును విచారింపలేదని 2022లో బహిరంగముగా చెప్పుకొన్నది. విడుదలయైనవారికి జెయిలు వెలుపల పూలమాలలు వేసి మిఠాయిలు పంచిరి. బాధితులకు తలుపు మూయు నధికార మీయుమని మేమనము. పగ తీఱుట యొక్కొక్క గుండెలో నొక్కొక్క కాలమునకు జరుగును, దానిపై నొక మనిషి స్వేచ్ఛను వ్రేలాడగట్టరాదు. కాని ముందుగా తెలుపుటకును, వారి భయమును విని వ్రాసికొనుటకును, విడుదలయైనవాడు ఆ వీధికి రాకుండ కొంతకాలము షరతు పెట్టుటకును ఎవరికేమి కష్టము? ప్రభుత్వము ఒక కేసును నడుమ నుపసంహరించుకొనదలచినపుడు బాధితుని మాట వినకుండ కోర్టు అనుమతింపరాదని అదే సంహితలోని 360వ సెక్షను క్రొత్తగా విధించినది. తీర్పునకు ముందు వినదగిన గొంతుక, తీర్పు తరువాత నెందులకు వినరానిదైనదో శాసనకర్తలు చెప్పవలసియున్నది. 473వ సెక్షనునకు నట్టి వాక్యమొకటి చేర్చుట యొక పూట పని.